తుడవకుండా తెచ్చిన కెమెరా

నా దగ్గరికి కెమెరా తెచ్చేవాళ్ళకి ఒకటే మనవి. తుడిచి తేవద్దు.

కొట్టు మూసేసి కొన్నేళ్ళయింది. అయినా అమలాపురంలో మా ఇంటి గేటు తీసుకుని ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. ఎక్కువమంది కాలేజీ పిల్లలు. ఫోనులో బొమ్మ చూసి, ఎక్కడో ఎవరో వాడి వదిలేసిన రీలు కెమెరా కొంటారు. "ఫోకస్ అవట్లేదండి", "షట్టర్ పడట్లేదండి" అంటూ ఆ ముక్కని నా చేతిలో పెడతారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఈ పని నేర్చుకుంటామని కూడా అంటున్నారు. ఇది వాళ్ళ కోసం రాస్తున్నాను. స్క్రూడ్రైవరు ఎలా పట్టుకోవాలో ఇప్పుడు ఫోనులోనే చూపిస్తున్నారట. అది నేను చెప్పక్కర్లేదు. ఎప్పుడు పట్టుకోకూడదో చెప్తాను. అది తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఈలోగా నా మూలంగా ఒకావిడ చేతిలో పని పోయేంత పనయింది.

మాస్టారి పది నిమిషాలు

మాది కొట్ల కుటుంబం. నాన్నది స్టీలు సామాన్ల కొట్టు, పెదనాన్నది బట్టల కొట్టు, మేనమామది కొబ్బరికాయల వ్యాపారం. మా ఇంట్లో పిల్లలు రెండో గరిటె కూర కావాలన్నా అమ్మతో బేరమాడాల్సిందే. అలా పెరిగినవాడికి రెండు కళ్ళు ఏర్పడతాయి. కొనేటప్పుడు ఒక కన్ను తెరుచుకుంటుంది, వస్తువులో ఉన్న గీతలన్నీ కనిపిస్తాయి. అమ్మేటప్పుడు అదే కన్ను మూసుకుపోతుంది. నేను కెమెరాల్లోకి వచ్చినా ఆ కళ్ళు నాతోనే వచ్చాయి.

నాకు పని నేర్పింది రాజమండ్రిలో జగ్గారావు మాస్టారు. ఎవరైనా కెమెరా బల్ల మీద పెడితే ఆయన చేతులు వెనక్కి కట్టుకుని పది నిమిషాలు ఊరికే కూర్చునేవారు. కెమెరాని చూస్తూ, తెచ్చిన మనిషిని మాట్లాడించేవారు. ఎక్కడ తీస్తున్నారు, ఏం తీస్తుంటే ఆగింది, ఇంట్లో ఎక్కడ పెడతారు, దగ్గర ఎవరున్నారు. ఒకాయన తేమ తగలకూడదని కెమెరాని బియ్యం డబ్బాలో దాస్తున్నాడని అలాగే బయటపడింది. లోపలంతా తవుడు. విప్పి చూసి కనుక్కోవాలంటే ఒక పూట పట్టేది. మాస్టారు మాటల్లోనే కనుక్కున్నారు.

నేను మాత్రం అదంతా నాటకం అనుకున్నాను. తొందరగా బాగుచేసేస్తే కూలి ఇవ్వడానికి జనానికి మనసొప్పదని ఆయన కావాలని కాలయాపన చేస్తున్నారని నా లెక్క. కొట్లో పుట్టినవాడికి అంతకంటే మంచి ఊహ ఎలా వస్తుంది? అమలాపురంలో సొంతంగా కొట్టు పెట్టుకున్నప్పుడు మాస్టారి దగ్గర నేర్చుకున్నవన్నీ తెచ్చుకున్నాను. ఆ పది నిమిషాలు మాత్రం రాజమండ్రిలోనే వదిలేశాను.

కేలెండరు మీద అంకె

మంగతాయారుగారిది కొత్తపేట. అన్నగారి స్టూడియోలో రీళ్ళు కడగడంతో మొదలుపెట్టి ఫోటోలు తీయడం నేర్చుకున్నారు. సీమంతాలకి, ఓణీల ఫంక్షన్లకి, బారసాలలకి ఆవిడనే పిలిచేవారు. మగ ఫోటోగ్రాఫరు గుమ్మం దాకా వచ్చి ఇబ్బందిపడే గదుల్లోకి ఆవిడ చుట్టంలా నడిచి వెళ్ళిపోయేవారు. చిక్కల్లా ఆవిడ కళ్ళజోడు. అద్దాలు సీసా అడుగంత మందం. చేత్తో తిప్పుకునే ఫోకస్ ఆవిడకి కుదిరేది కాదు. తనంతట తానే ఫోకస్ చేసుకునే కెమెరాలు అప్పుడప్పుడే సెకండ్ హ్యాండులో మా దాకా వస్తున్నాయి. అది దొరికితే ఆవిడ పని నిలబడుతుంది, లేకపోతే మళ్ళీ రీళ్ళు కడుక్కోవాలి. భర్త సత్తిరాజుగారిని వెంటబెట్టుకుని నా కొట్టుకి వచ్చారు. ఆయన రైసు మిల్లులో గుమస్తా. చేతిసంచి పట్టుకుని బయటే నిలబడ్డారు.

నా దగ్గర అలాంటి కెమెరా ఒకటుంది. ఆటోఫోకస్ అనేది నలుపూ తెలుపూ కలిసే అంచుని పట్టుకుని కుదురుకుంటుంది. ఖాళీ గోడకేసి చూపిస్తే పట్టుకోవడానికేమీ దొరక్క లెన్సు ముందుకీ వెనక్కీ తడుముకుంటుంది. అది దాని స్వభావం, రోగం కాదు. కానీ కొనేవాళ్ళకి అది చెప్పడం దేనికి? నా కొట్లో గోడకి పెద్ద నల్లంకెల కేలెండరు ఉండేది. ఎవరొచ్చినా కెమెరాని దానివైపే తిప్పి చూపించేవాణ్ణి. టక్కున పట్టుకునేది.

"ఎటు తిప్పినా ఇంతేనండీ, కనురెప్ప వేసేలోపు చూసుకుంటుంది" అన్నాను.

"ఎటు తిప్పినానా? ఇందాకట్నుంచీ ఆ కేలెండరు వైపే తిప్పుతున్నారు కదండీ" అన్నారావిడ.

"అబ్బే, అది ఎదురుగా ఉందని..."

"పోనీ ఆ కేలెండరు కూడా ఇచ్చేయండి షావుకారుగారూ, పట్టుకెళ్తాను. మా ఊళ్ళో కడుపుతో ఉన్న పిల్లల మొహాల మీద అంకెలుండవండి మరి."

బయట సత్తిరాజుగారు దగ్గు వచ్చినట్టు అటు తిరిగారు. నవ్వేరని నాకు తెలుసు. ఆవిడ కెమెరా తీసుకుని నా తెల్లచొక్కాకి గురిపెట్టారు. లెన్సు రెండుసార్లు తడుముకుని చొక్కా గుండీ మీద ఆగింది. "ఆయ్, పనికొస్తది" అని, ఆ తర్వాత బేరం మొదలుపెట్టారు. ఫ్లాష్, తోలుసంచి, దగ్గర బొమ్మలకి ఇంకో చిన్న లెన్సు, అన్నీ కలిపి పట్టుకెళ్ళేరు. మా పెదనాన్న చూసి ఉంటే నన్ను బట్టల కొట్లో తుడవడానికి కూడా పెట్టుకునేవాడు కాదు.

నేను వేసిన నూనె చుక్క

నెల తిరక్కుండా ఆవిడ మళ్ళీ వచ్చారు. "ఫంక్షన్ మధ్యలో బొత్తం నొక్కితే పడట్లేదండీ. మొదట బానే ఉంటుంది. తర్వాత మొండికేస్తది."

కెమెరా అద్దంలా మెరుస్తోంది. కేలెండరుకేసి నొక్కాను. పడింది. పదిసార్లు నొక్కితే పదిసార్లూ పడింది. "బాగానే ఉందండీ. కంగారులో వేలు సరిగ్గా పెట్టి ఉండరు" అన్నాను. ఇంకో ఫంక్షన్ తర్వాత మళ్ళీ వచ్చారు. మళ్ళీ అదే మెరుపు, అదే కేలెండరు, అదే సమాధానం. మూడోసారి వచ్చేసరికి నాకు పౌరుషం వచ్చింది. నేను అమ్మిన కెమెరాకి వంక పెడుతున్నారన్న ఉక్రోషం అది.

ఇక్కడ ఆగి కుర్రాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఈ రకం కెమెరా తనకి ఫోకస్ కుదిరిందని నమ్మకం కలిగితే తప్ప షట్టర్ వదలదు. మనం ఎంత నొక్కినా బొత్తం పడదు. తెచ్చినవాళ్ళు మాత్రం షట్టర్ పోయిందనే చెప్తారు, వాళ్ళ తప్పేమీ లేదు. లెన్సు పక్కన చిన్న మీట ఉంటుంది. దాన్ని చేతి ఫోకస్ వైపు జరిపి నొక్కండి. అప్పుడు పడిందంటే షట్టర్ నిక్షేపంలా ఉన్నట్టే. తప్పు ఫోకస్ దారిలో ఉంది, దాని జోలికే వెళ్ళండి. అర నిమిషం పని. మాస్టారు నాకిది మొదటి వారంలోనే నేర్పేరు. ఆ రోజు నేను అది చేయలేదు. కెమెరా చేతిలోకి తీసుకున్నవాణ్ణి తీసుకున్నట్టే వెనక తలుపు తెరిచి, షట్టర్ రేకులు బిగుసుకుంటున్నాయని తీర్మానించి, పుల్లతో ఒక్క చుక్క కుట్టుమిషను నూనె అంటించాను.

షట్టర్ రేకులు పొడిగా జారాలి. వాటికి నూనె తగిలితే ఒకదానికొకటి అతుక్కుంటాయి. మా కోనసీమ ఉక్కపోతలో ఇంకా తొందరగా అతుక్కుంటాయి. ఇది కూడా నాకు తెలుసు. "ఏదో ఒకటి చేశాను" అనిపించుకోవాలన్న ఆత్రం ముందు, తెలిసినవేవీ పనికిరాలేదు.

తర్వాతి సీమంతం శిరీష అనే అమ్మాయిది. తొలిచూలు. రీలు కడిగి వస్తే సగానికి సగం ఫోటోల్లో పైభాగమంతా నలుపు. గాజులు తొడిగిన చేతులు కనిపిస్తున్నాయి, పళ్ళేలు కనిపిస్తున్నాయి, ఆ అమ్మాయి మొహం ఉండాల్సిన చోట మాత్రం చీకటి. మామూలు ఫోటోలైతే మళ్ళీ తీసుకోవచ్చు. కడుపుతో ఉన్న పిల్ల మొహం నల్లగా వస్తే ఆ ఇంట్లోవాళ్ళు ఎలా తీసుకుంటారో చెప్పక్కర్లేదు. వాళ్ళ నాయనమ్మ వీధిలోకి వచ్చి మరీ తిట్టింది. ఆవిడని ముందే పిలుచుకున్న రెండిళ్ళవాళ్ళు వేరేవాళ్ళని మాట్లాడుకున్నారు.

మంగతాయారుగారు కెమెరాతో పాటు ఆ ఫోటోలు తెచ్చి నా బల్ల మీద పేర్చారు. చూడగానే నాకు అర్థమైపోయింది. నోరు మాత్రం కొట్టువాడిది.

"రీలు పాతదై ఉంటుందండీ. లేకపోతే కడిగినవాడు సరిగా..."

ఆవిడ ఆ మందపాటి అద్దాల్లోంచి నన్ను కాసేపు చూశారు. "అలాగాండీ" అన్నారు.

ఆవిడ వెళ్ళాక విప్పితే రేకుల మీద నూనె తళతళలాడుతోంది. పాడైపోయిన ఇంకో కెమెరాలోంచి రేకులు తీసి దీనికి వేశాను. తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు "సర్దేశానండీ" అని పొడిగా చెప్పాను. ఏం సర్దానో చెప్పలేదు.

"మీరు సర్దింది సరే. నేను మొదట్నుంచీ చెప్తున్న రోగం అలాగే ఉంటది" అన్నారావిడ. "వచ్చే గురువారం మా వీధిలోనే సీమంతం. వాళ్ళొక్కళ్ళే ఇంకా నన్ను పిలిచేరు. అదీ పాడైతే నా పని అయిపోయినట్టేనండీ. మీరొచ్చి కళ్ళతో చూడండి."

"నేనా? ఆడవాళ్ళ పేరంటానికా?"

"అరుగు మీద కూచోండి. కాఫీ ఇస్తారు. బేరమాడక్కర్లేదు."

కిటికీలోంచి చూసింది

అరుగు మీద మగవాళ్ళ మధ్య కూర్చుని కిటికీలోంచి చూశాను. మంగతాయారుగారు పెద్ద లెన్సుతో అందర్నీ కలిపి నాలుగు ఫోటోలు తీశారు. నాలుగూ పడ్డాయి. అంతలో ఆ ఇంటి పెద్దావిడ, "తాయారూ, నువ్వూ రావే, మొదటి ముత్తైదువువి నువ్వే" అని పిలిచింది. కాళ్ళకి పసుపు రాశారు, నుదుట కుంకుమ పెట్టారు, మెడకీ రెండు చేతులకీ చిక్కటి గంధం పూశారు. పన్నీరు చల్లారు. ఆవిడ దండం పెట్టుకుని, అదే చేతులతో పెద్ద లెన్సు విప్పి, గాజుల ఫోటోల కోసం చిన్న లెన్సు బిగించారు. నొక్కారు. లెన్సు కదల్లేదు. బొత్తం పడలేదు.

నేను కిటికీ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాను. "ఇలా ఇవ్వండి. అలాగే ఇవ్వండి."

ఆవిడ అలవాటుగా చీరకొంగు తీశారు, తుడిచి ఇవ్వడానికి.

"తుడవకండీ!" అని అరిచాను. అరుగు మీదున్నవాళ్ళు ఉలిక్కిపడ్డారు.

లెన్సుకీ కెమెరాకీ మధ్య మాటలు నడిపించేది ఒక వరస చిన్న ఇత్తడి చుక్కలు. లెన్సు విప్పితే, అది కెమెరాకి బిగిసే మూతి దగ్గర కనిపిస్తాయి. వాటి మీద పలచగా, పచ్చగా గంధం. ఆ పొర ఉన్నంతసేపూ కెమెరా మాట లెన్సుకి వినపడదు.

"మరి నా దగ్గరికి వచ్చినప్పుడు ఇదేమీ ఉండేది కాదేం?"

"లెన్సు మూతితో సహా శుభ్రంగా తుడిచి తెచ్చేదాన్ని కదండీ. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు స్నానం చెయ్యమా?"

మూడుసార్లు ఆవిడ రోగాన్ని తుడిచి పారేసి కెమెరాని నా దగ్గరికి తెచ్చారు. మూడుసార్లు నేను ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా పంపించాను. పది నిమిషాలు కూర్చుని "ఫంక్షన్లో ఏం జరుగుతుందండీ, మొదట్నుంచీ చెప్పండి" అని ఉంటే, శిరీష మొహం ఫోటోలో ఉండేది. ఇలాంటి తప్పు మగ ఫోటోగ్రాఫర్ల కెమెరాల్లో నాకెప్పుడూ తగల్లేదు. వాళ్ళకి గంధం ఎవరు పూస్తారు?

అక్కడికక్కడే తుడిచి ఇచ్చాను. ఆ సీమంతం ఫోటోలన్నీ వచ్చాయి. గంధం వద్దనడానికి వీల్లేదు కాబట్టి ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. పిలుపు రాకముందే చిన్న లెన్సు బిగించేసుకోవాలి, గంధం పూశాక మూతి విప్పకూడదు. ఎప్పుడైనా మర్చిపోతే, తుడవకుండా నా దగ్గరికి తేవాలి. రెండు మూడు నెలలకోసారి మర్చిపోయేవారు. పచ్చటి వేలిముద్రలతో కెమెరా బల్ల మీదికి వచ్చేది. మళ్ళీ పిలుపులు పెరిగాయి. ఆవిడ బేరాలూ పెరిగాయి.

ఇప్పుడు కొనేవాళ్ళకి

మీరిప్పుడు కొనే కెమెరాలు ఎక్కడెక్కడో బీరువాల్లో ఏళ్ళతరబడి పడి ఉన్నవి. ముందు కొత్త బ్యాటరీ వేయండి. సగం రోగాలు అక్కడే పోతాయి. తర్వాత లెన్సు మూతి దగ్గర చుక్కలు చూడండి, దూదికి స్పిరిట్ తడిపి తుడవండి. వెనక తలుపు తీసి షట్టర్ రేకులు చూడండి, ముట్టుకోవద్దు. వాటి మీద నల్లగా జిగురు మరక ఉంటే లోపలి స్పాంజి కరిగి కారిందని అర్థం, అది తెలిసినవాడు చూడాల్సిన పని. వేగం పెంచి నొక్కుతూ వెలుగుకేసి పట్టి రేకుల గుండా చూడండి, ఫిల్ముకి వెలుగు తగిలే కిటికీ అంతా కనిపించాలి. అమ్మేవాడు కెమెరాని ఒకే వస్తువుకేసి చూపిస్తుంటే మీ చొక్కాకేసి తిప్పమనండి.

అన్నింటికంటే ముందు అమ్మేవాణ్ణి మాట్లాడించండి. నాలాంటివాడైతే అబద్ధం చెప్తాడు. చెప్పనివ్వండి. దేని గురించి అబద్ధం చెప్తున్నాడో అక్కడే చూడాలి.

ధర చెప్పలేని రోజు

ఒక వర్షాకాలం సత్తిరాజుగారు జ్వరంతో పోయారు. నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ తర్వాత చాలా నెలలకి మంగతాయారుగారు కొట్టుకి వచ్చారు. బయట సంచి పట్టుకుని ఎవరూ నిలబడలేదు. కెమెరా బల్ల మీద పెట్టారు. నేను నేర్పినట్టే తుడవకుండా తెచ్చారు.

లెన్సు విప్పాను. చుక్కలు కొత్తవాటిలా ఉన్నాయి. ఎక్కడా పచ్చదనం లేదు.

"అబ్బో, ఈసారి గంధం బాగా జాగ్రత్త పడుతున్నారండీ!" అన్నాను. అనేశాక గాని నాకు బుర్ర వెలగలేదు.

"జాగ్రత్తేం కాదండీ" అన్నారు నెమ్మదిగా. "పూసేవాళ్ళు లేరు. పిలిచేవాళ్ళూ లేరు. శుభం జరిగే చోటికి నేనెందుకు చెప్పండి. పాస్‌పోర్టు ఫోటోలకి ఇంత కెమెరా అక్కర్లేదు. ఏదో ఒక ధర చెప్పండి, ఇచ్చేస్తాను."

నా జీవితంలో ధర అడిగితే చెప్పలేకపోయింది ఆ ఒక్కసారే. కెమెరాకి ఏ లోపమూ లేదు. ఆవిడ చేతికీ లోపం లేదు. ఇద్దరూ కలిసి ఇంట్లో కూర్చోవాలని ఎవరో తీర్మానించారు. ఇలాంటి తీర్మానాలు తప్పని ఇప్పుడు రాయడానికి నాకు జంకు లేదు. అప్పుడు పైకి అనలేకపోయాను. దాని బదులు నోట్లోంచి ఇంకోటి వచ్చింది.

"తాయారుగారూ, ఆ శిరీష ఫోటోలు... రీలు తప్పు కాదండీ. షట్టర్‌కి నూనె వేశాను. నా తప్పే."

"తెలుసండి."

"తెలుసా?"

"మీరు పుల్లతో వేస్తుంటే ఎదురుగా స్టూలు మీదే ఉన్నానాయె. కళ్ళు మసకే గాని గుడ్డిదాన్ని కాదు కదండీ."

"మరి ఆ రోజు అడగలేదేం?"

"అడిగితే ఇంకో పావుగంట అబద్ధాలాడతారు. నా బస్సు పోద్ది."

ఇద్దరం నవ్వాం. ఆ తర్వాత నేను నాకొచ్చిన ఒకే ఒక్క విద్య చూపించాను. బేరం సాగదీశాను. "ఇప్పుడు గిరాకీ లేదండీ, కెమెరా మీ దగ్గరే ఉంచండి, మంచి మనిషి తగిలితే చెప్తాను" అన్నాను. ఆవిడ కబురు పెట్టినప్పుడల్లా ఒక సాకు. ఒకరిద్దరు నిజంగానే అడిగారు. వాళ్ళకి ఆ కెమెరాలో లేని లోపాలన్నీ చెప్పి పంపించేశాను. కొనేవాడి కన్నూ అమ్మేవాడి కన్నూ రెండూ మూసుకుని చేసిన బేరం అదొక్కటే.

వేసవి చివర్లో ఒక రోజు పొద్దున్నే ఆవిడ వచ్చారు. కెమెరా సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టి, స్టూలు మీద కూర్చున్నారు.

"నిన్న బొత్తం పడలేదండీ. సగంలో ఆగిపోయింది" అన్నారు.

"నిన్న ఏముంది?"

"శిరీష చెల్లెలి సీమంతం. శిరీషే ఇంటికొచ్చి నన్ను తీసుకెళ్ళింది. అందర్నీ కూచోబెట్టి, ముందు నా చేతులకే గంధం పూసింది. ఎవరో ఏదో అన్నారు. ఆ పిల్ల వినిపించుకోలేదు. నేనూ కంగారులో లెన్సు ముందు మార్చుకోవడం మర్చిపోయేను."

"మరి మిగతా ఫోటోలు?"

"పెద్ద లెన్సు చుక్కలకి గంధం అంటలేదండీ, దాంతోనే లాగించేను లెండి. అవి వస్తాయి."

కెమెరా చుట్టూ పచ్చటి వేలిముద్రలు. బొత్తం మీద ఒకటి, పట్టుకునే చోట మూడు, లెన్సు మూతి చుట్టూ లెక్కలేనన్ని.

"ఇది అమ్మకానికాండీ, రిపేరుకా?" అన్నాను.

"రిపేరుకేనండీ" అన్నారు.

స్పిరిట్ సీసా పక్కనే ఉంది. దూదీ ఉంది. నేను చేతులు వెనక్కి కట్టుకుని, మాస్టారు కూర్చున్నట్టే, పది నిమిషాలూ ఆ పచ్చదనాన్ని చూస్తూ కూర్చున్నాను. ఆవిడ బస్సుకి వేళవుతోందని కూడా అనలేదు. అప్పుడు సీసా మూత తీశాను.